మినియో సర్వర్‌కు బోటో3 వాడాలా, రిక్వెస్టులు సొంతంగా రాసుకోవాలా?

మీరు అడిగినవి రెండు. స్కాన్ చేసిన పాత పత్రికల పీడీఎఫ్‌లను పైథాన్‌తో మినియో (అమెజాన్ ఎస్3 పద్ధతిలో ఫైళ్లు దాచే సాఫ్ట్‌వేర్) సర్వర్‌లోకి ఎక్కించడానికి బోటో3 అనే పైథాన్ లైబ్రరీ కావాలా, హెచ్‌టీటీపీ రిక్వెస్టులు మనమే రాసుకుంటే సరిపోదా అన్నది మొదటిది. ఎన్ని ఫైళ్లున్నా జాబితాలో వెయ్యే ఎందుకు వస్తున్నాయన్నది రెండోది. ఇలాంటి పత్రికల భాండాగారాన్నే కొంతకాలంగా చూసుకుంటున్నాను కాబట్టి చెబుతున్నాను.

బోటో3యే వాడండి. ప్రతి రిక్వెస్టుకూ రహస్య కీతో సంతకం లెక్కగట్టి జతచేయాలి. అందులో ఒక్క హెడర్ తేడా వచ్చినా సర్వర్ 403 (అనుమతి లేదు) అని తిప్పి పంపుతుంది. నేర్చుకోవడానికి ఒకసారి రాసి చూడండి, రోజువారీ పనికి మాత్రం వద్దు. బోటో3 అమెజాన్ వారి ఫైళ్ల నిల్వ సేవ ఎస్3 కోసం పుట్టినదే అయినా, క్లయింట్‌కు ఎండ్‌పాయింట్‌గా మీ సర్వర్ చిరునామాను 9000 పోర్టుతో ఇస్తే మినియోతోనూ పనిచేస్తుంది. కీలు సరిగ్గా ఉన్నా 403 వస్తుంటే రెండు యంత్రాల గడియారాలూ చూడండి. 15 నిమిషాలకు మించి తేడా ఉంటే సంతకం చెల్లదు.

ఇక వెయ్యి సంగతి. అది ఒక్కో జవాబుకు ఉన్న హద్దు, మీ ఫైళ్లేవీ పోలేదు. జాబితాను విడతలుగా తెచ్చే బోటో3 పేజినేటర్ వాడితే మిగతావి అదే తెచ్చిపెడుతుంది.

మీరు అడగలేదు గానీ, తెలుగువాళ్లకు అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. ఆబ్జెక్టు కీ, అంటే సర్వర్‌లో ఫైలుకు ఉండే పూర్తి పేరు, 1024 బైట్లు దాటకూడదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు, అంటే ‘శ్రీ’ ఒక్కటే 12 బైట్లు మింగుతుంది. పత్రిక పేరు, సంచిక, వ్యాసం శీర్షిక అన్నీ కీలోకి ఎక్కిస్తే హద్దు తొందరగానే తగులుతుంది. మెటాడేటాలో (ఫైలుతో పాటు దాచే వివరాల్లో) తెలుగు పెడితే బోటో3 అసలు పంపదు, ఆస్కీ అక్షరాలే (ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) కావాలంటుంది. ఇంకొకటి మరీ చికాకు పెడుతుంది: పాత మ్యాక్‌లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులు ఐత్వాన్ని రెండు కోడ్‌లుగా విడదీసి దాచేవి. కంటికి రెండూ ఒకే ‘పైరు’, ఎస్3 లెక్కలో మాత్రం రెండు వేర్వేరు కీలు. ఎక్కించే ముందు పేరును ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (విడిపోయిన కోడ్‌లను కలిపేసే యూనికోడ్ రూపం) మార్చాలి. నన్నడిగితే కీలో అంకెలు, ఇంగ్లిషు అక్షరాలతో ఒక గుర్తింపు సంఖ్య మాత్రమే ఉంచి, తెలుగు శీర్షికలను విడిగా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో పెట్టుకోవడం మేలు. వెతకడమూ అక్కడే సులువు.

ఆ సంఖ్యను ముందే ఖాయం చేసుకోండి. ఇక్కడ ఫోల్డర్లు లేవు. కీలోని ఏటవాలు గీతలను (/) చూసి మనం ఫోల్డర్లనుకుంటాం, అంతే. అందుకే మినియోలో నేరుగా పేరు మార్చే వీలు లేదు. ఒక్కో ఆబ్జెక్టునూ కొత్త కీతో కాపీ చేసి పాతదాన్ని తీసేయాలి. కాపీ సర్వర్‌లోనే జరుగుతుంది గానీ వేల ఫైళ్లుంటే ఓపిక కావాలి.

ఎక్కించడానికి పుట్_ఆబ్జెక్ట్ కాకుండా అప్‌లోడ్_ఫైల్ వాడండి. 8 ఎంబీ నుంచి ఫైలును అదే ముక్కలు చేసి, కొన్నింటిని ఒకేసారి పంపుతుంది. అలా వెళ్లిన ఫైలుకు సర్వర్ ఇచ్చే ఈట్యాగ్ అనే గుర్తు చివర అడ్డగీత (-), దాని పక్కన ముక్కల సంఖ్య ఉంటాయి. అది ఫైలు మొత్తానికి ఎండీ5 (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే విలువ) కాదు. ఫైలు సరిగ్గా చేరిందో లేదో దానితో పోల్చి చూడకండి, అలాంటిదే అయిన ఎస్‌హెచ్‌ఏ-256 విలువను మీరే లెక్కగట్టి మెటాడేటాలో దాచుకోండి.