వ్యాపార సందేహాలు – సమాధానాలు: ఈ ఆషాఢానికి ఎన్ని రేకులు తీయించాలి?

ప్రశ్న: మేము ఇంటి దగ్గరే పూతరేకులు చుట్టి రావులపాలెం హైవే మీది దుకాణాలకు వేస్తున్నాము. కిందటి ఆషాఢంలో సారె ఆర్డర్లకు రేకులు చాలక కొందరిని వెనక్కి పంపవలసి వచ్చింది. దీపావళికి ఎక్కువ చుట్టిస్తే మిగిలిపోయి, నెయ్యి వాసన మారి నష్టపోయాము. మా అబ్బాయి కంప్యూటరులో మూడు నెలల సగటు తీసి చెబుతున్నాడు గానీ అదీ కుదరడం లేదు. గిరాకీని ముందుగా లెక్క కట్టే మార్గం చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, ఆత్రేయపురం మండలం

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి ఎంచుకున్న పద్ధతి ఏడాది పొడవునా ఒకే తీరుగా పోయే సరుకుకు చక్కగా సరిపోతుంది. పండుగల మీద, సారెల మీద నడిచే సరుకుకు మాత్రం అది ఎప్పుడూ ఆలస్యంగానే మేలుకుంటుంది. గడిచిన మూడు నెలల్లో వారానికి 100, 110, 120 పెట్టెలు పోయి ఉంటే సగటు 110 అని చెబుతుంది. ఆషాఢం రాగానే 200 పెట్టెలు అడుగుతారన్న సంగతి ఆ మూడు అంకెల్లో ఎక్కడా లేదు.

దీనికంటే మెరుగైనది ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్. పేరు పెద్దదే గాని లెక్క చిన్నది: పాత అంచనా ఎంత తప్పిందో చూసి, ఆ తేడాలో కొంత భాగాన్ని కొత్త అంచనాకు కలుపుతారు. మీరు 120 అనుకున్న వారంలో 150 పోయాయనుకోండి. తేడా 30, అందులో ఐదో వంతు 6, కాబట్టి వచ్చే వారానికి 126. దీనికి పెరుగుదలను, తరుగుదలను కూడా పట్టుకునే రూపాన్ని 1957లో చార్లెస్ హోల్ట్ ఇవ్వగా, 1960లో పీటర్ వింటర్స్ దాన్ని సీజన్లతో కలిపి పరీక్షించి చూపారు. మీకు కావలసింది ఈ సీజను లెక్క. మామూలు వారంలో 100 పెట్టెలు పోయే చోట ఆషాఢం వారంలో 180 పోతే ఆ వారపు సూచిక 1.8 అవుతుంది, ఈ ఏడాది మామూలు వారం 120కి పెరిగితే, ఆషాఢం వారానికి 216 సిద్ధం చేసుకోవాలి.

అయితే కంప్యూటరు ఈ సూచికలను ఇంగ్లీషు నెలల వారీగా కడుతుంది, మన గిరాకీ మాత్రం తిథుల వారీగా నడుస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. 2023 అమ్మకాలు చూసి నవంబరును పెద్ద నెలగా లెక్కించినవారికి ఆ తర్వాతి రెండేళ్లూ నవంబరులో సరుకు మిగలక తప్పదు. సంక్రాంతికి ఈ ఇబ్బంది లేదు, అది సూర్యుణ్ణి అనుసరించి వస్తుంది కాబట్టి ఏటా జనవరి నడిమికే వస్తుంది. ఆషాఢం, శ్రావణం, దసరా వంటివన్నీ ఏటా ముందుకో వెనక్కో జరుగుతాయి. అధిక మాసం వచ్చిన ఏడాది మరీ ఎక్కువగా జరుగుతాయి. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కనుక ఆషాఢం జూలై మధ్యకు వెళ్లింది. అందువల్ల మీ పాత పద్దులను పంచాంగం పక్కన పెట్టుకుని మళ్లీ రాయించండి: ‘ఆషాఢం మొదటి వారం’, ‘దీపావళికి ముందు వారం’ అని. ముహూర్తాలున్న వారాలను, మూఢం వచ్చిన వారాలను కూడా గుర్తు పెట్టించండి. ఈ ఒక్క మార్పు ఏ కొత్త సూత్రం కంటే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం.

ఇంకొక మాట. మీరు వెనక్కి పంపిన ఆర్డర్లు పద్దులో ఉన్నాయా? అమ్మింది 140 పెట్టెలే అయినా అడిగింది 200 అయితే గిరాకీ 200. రాయకపోతే వచ్చే ఏడాది లెక్క కూడా 140 దగ్గరే ఆగుతుంది, మళ్లీ కొందరిని వెనక్కి పంపవలసి వస్తుంది.

ఇక మీ సరుకులోనే ఒక అదృష్టం ఉంది. బోర్లించిన కుండ మీద జయ రకం బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను ఒక్క విసురుగా పరిచి తీసిన పొడి రేకు తేమ తగలకుండా ఉంచితే చాలాకాలం నిలుస్తుంది. తడి గుడ్డతో మెత్తబరచి, నెయ్యి రాసి, పంచదార చల్లి మడిచిన తర్వాతనే దానికి రోజులు దగ్గరపడతాయి. పంచదారవి ఎన్ని, బెల్లానివి ఎన్ని, జీడిపప్పువి ఎన్ని అని విడివిడిగా ఊహిస్తే ఒక్కొక్కటీ తప్పుతుంది. అన్నిటికీ కలిపి ఎన్ని రేకులు కావాలన్నది అంతకంటే చాలా దగ్గరగా తెలుస్తుంది, ఎందుకంటే ఒకదాని హెచ్చు మరొకదాని తగ్గును సరిపెడుతుంది. కాబట్టి అంచనా రేకులకు కట్టండి, చుట్టడం ఆర్డరు వచ్చాకే చేయండి.

రేకులు ఎంత ధారాళంగా ఉంచుకోవచ్చో కూడా లెక్క ఉంది. పెట్టెకు లాభం 60 రూపాయలు, చుట్టినది మిగిలితే నష్టం 140 అనుకుంటే, లాభాన్ని, అంటే 60ని, రెండూ కలిపిన 200తో భాగిస్తే 0.3. అంటే పది సందర్భాలలో మూడింటిలో మాత్రమే పూర్తిగా సరిపోయేంత చుట్టి ఉంచితే చాలు. అదే పొడి రేకులు మిగిలితే, విరిగినవీ వడ్డీ కలిపి పెట్టెకు నష్టం 15 అనుకుంటే, 60ని 75తో భాగిస్తే 0.8, పదింట ఎనిమిదిసార్లు సరిపోయేన్ని తీయించవచ్చు. మీ సొంత అంకెలు వేసి చూసుకోండి.

మీ అబ్బాయికి: అంచనా పక్కన ప్రతి వారం తప్పిన తేడాను కూడా రాయాలి. తేడాలన్నీ ఒకే వైపు పోగవుతుంటే పద్ధతి ఎక్కడో ఇరుక్కుందని అర్థం. పెద్ద సాఫ్ట్‌వేరు కొనాలన్న తొందర వద్దు. 1982లో అంచనా పద్ధతుల పరిశోధకుడు స్పైరోస్ మక్రిడాకిస్ బృందం 1,001 గణాంక శ్రేణుల (కాలక్రమంలో రాసిన అంకెల వరుసల) మీద ఆ పద్ధతులకు పోటీ పెట్టి చూసినప్పుడు, సులువైన పద్ధతులు క్లిష్టమైన వాటికి తీసిపోలేదు.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల మేత అమ్ముతాను. మేత గిరాకీ, రొయ్య ధర రెండిటినీ పాత లెక్కలతో ఊహించవచ్చా?
– ఒక పాఠకుడు

సమాధానం: ధరను ఊహించే శ్రమ పడకండి. రేపటి ధరకు నేటి ధరే తరచు మంచి అంచనా. 2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా చాలా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు పాత ధరల పట్టికలో దాని జాడ ఎక్కడ ఉంటుంది? ధర పడితే రైతుల నుంచి మీకు రావలసిన బాకీలు ఎంతవరకు ఆగిపోతాయో, అప్పుడు కంపెనీకి మీరు కట్టవలసినది ఎలా కడతారో మాత్రం ముందే లెక్క వేసి ఉంచుకోండి.

మేత సంగతి వేరు. దాన్ని ఊహించనక్కరలేదు, లెక్క కట్టవచ్చు. చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలిన రోజునే రాబోయే మూడు నాలుగు నెలల మేత చాలావరకు నిర్ణయమైపోతుంది. మీ ఖాతాదారులను ఒక్కొక్కరినీ అడిగి, చెరువు విస్తీర్ణం, సీడ్ వదిలిన తేదీ, ఎకరానికి ఎంత వదిలారు, పట్టుబడి (రొయ్యలు పట్టడం) ఎప్పుడు అనుకుంటున్నారు అన్న నాలుగు సంగతులు ఒక పుస్తకంలో రాసుకోండి. మేత కంపెనీ పట్టిక ప్రకారం ఏ వారానికి ఏ నంబరు మేత ఎన్ని బస్తాలో దాని నుంచే వస్తుంది. తెల్లమచ్చ వ్యాధి వచ్చి ముందే పట్టుబడి చేసిన చెరువును అదే రోజు పుస్తకంలోంచి కొట్టివేయండి. ఆలస్యమైతే ఆ చెరువుకు తెప్పించిన బస్తాలు గోదాములోనే ఉండిపోతాయి.