హామ్ రేడియో ప్రశ్నలు–జవాబులు: ఇంటి నుంచే కాంటెస్ట్

ప్రశ్న: మాది విజయవాడ. జనరల్ గ్రేడ్ హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్స్, 100 వాట్ల రిగ్ (రేడియో సెట్టు), డాబా మీద 40 మీటర్ల బ్యాండుకి డైపోల్ (మధ్య నుంచి రెండువైపులా సాగే వైరు యాంటెన్నా) ఉన్నాయి. అక్టోబరు చివర్లో సీక్యూ వరల్డ్ వైడ్ ఎస్ఎస్‌బీ కాంటెస్టులో (మైకులో మాట్లాడి వీలైనన్ని దేశాల స్టేషన్లను అందుకునే పోటీ) మొదటిసారి పాల్గొనాలనుంది. 48 గంటలూ కూర్చోలేను. ఏ వేళలు మంచివి?

జవాబు: సాయంత్రాలు మాత్రం వదులుకోకండి. కాంటెస్ట్ మన టైములో శనివారం ఉదయం 5:30కి మొదలై సోమవారం ఉదయం 5:30కి ముగుస్తుంది. పొద్దున 15, 10 మీటర్ల బ్యాండుల్లో (తరంగదైర్ఘ్యం పేరుతో పిలిచే ఫ్రీక్వెన్సీ శ్రేణులు) జపాన్ బాగా వినిపిస్తుంది, కానీ అదీ ఆసియాయే కాబట్టి కాంటాక్టుకి ఒక్క పాయింటే. యూరప్‌కి మూడు. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా 15, ఆ తర్వాత 20, రాత్రికి 40 మీటర్లు చూసుకోండి. మన దేశంలోవాళ్లతో మాట్లాడితే పాయింట్లు సున్నా, అయినా ఆ బ్యాండులో మన దేశం, మన జోన్ (పోటీ కోసం ప్రపంచాన్ని విడగొట్టిన ప్రాంతాల్లో మనది) మల్టిప్లయర్లుగా, అంటే మొత్తం పాయింట్లను హెచ్చవేసే సంఖ్యలో, కలుస్తాయి. అందుకని ప్రతి బ్యాండులో ఒక్క వీయూ (భారతీయ కాల్‌సైన్) స్టేషన్‌నైనా పట్టుకోండి.

మనం ఇచ్చే నంబరు ‘ఫైవ్ నైన్, ట్వంటీ టూ’, అంటే సిగ్నల్ రిపోర్టు, మన జోన్ నంబరు. జోన్ 22 స్టేషన్లు తక్కువ కాబట్టి యూరప్‌వాళ్లకి మీరు కావాలి. బ్యాండు బాగున్నప్పుడు ఖాళీ ఫ్రీక్వెన్సీ చూసుకుని, వాడుతున్నారా అని అడిగి, మీరే సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) పిలవండి. పది నిమిషాలైనా ఎవరూ పలకకపోతే మళ్లీ డయల్ తిప్పుతూ వెతకండి.

ప్రశ్న: అదే డైపోల్ 15 మీటర్లలోనూ పనిచేస్తుందన్నారు. 40లో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరుగుతోందో చూపే కొలత, 1కి దగ్గరైతే మంచిది) బాగుంది, 21.250 మెగాహెర్ట్జ్‌లో మాత్రం 3 దాటుతోంది. ఎందుకు?

జవాబు: వైరు చివర్ల ప్రభావం వల్ల మూడో హార్మోనిక్ (యాంటెన్నా మళ్లీ పనిచేసే మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) సరిగ్గా మూడు రెట్ల దగ్గర పడదు, ఇంకా పైన పడుతుంది. అలాగని వైరు పొడవు పెంచితే 40 పాడవుతుంది. మధ్య నుంచి ఒక్కోవైపు సుమారు 3.4 మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్ల వైరు ముక్క సోల్డర్ చేసి కిందికి వేలాడదీయండి. 15 మీటర్లలో అక్కడ వోల్టేజీ గరిష్ఠంగా ఉంటుంది, కాబట్టి రెజొనెన్స్ (యాంటెన్నా బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీ) కిందికి దిగుతుంది. 40 మీద ప్రభావం స్వల్పం. ఆ ఫ్రీక్వెన్సీ మరీ కిందికి దిగితే రెండు ముక్కల్నీ సమానంగా, కొద్దికొద్దిగా కత్తిరించండి.

ప్రశ్న: మైకులో మాట్లాడగానే ల్యాప్‌టాప్ బిగుసుకుపోతోంది.

జవాబు: పవర్ 20 వాట్లకి తగ్గించి చూడండి. అప్పుడు బాగుంటే ఆర్ఎఫ్ (రేడియో తరంగాల శక్తి) కోయాక్స్ (రిగ్ నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబులు) పైతొడుగు మీదుగా గదిలోకి వస్తున్నట్టే. డైపోల్ మధ్యలో, ఎఫ్‌టీ240-31 ఫెర్రైట్ రింగు మీద ఆర్‌జీ-58 కోయాక్స్ పది పన్నెండు చుట్లు వేయండి. యూఎస్‌బీ కేబులుకీ ఒక ఫెర్రైట్ తగిలించండి. ఇదంతా కాంటెస్టుకు వారం ముందే చేసుకోవాలి.

ప్రశ్న: లాగ్ (కాంటాక్టుల చిట్టా) ఎప్పటిలోగా పంపాలి?

జవాబు: ముగిసిన ఐదు రోజుల్లోగా, కాబ్రిల్లో (కాంటెస్ట్ లాగుల ప్రామాణిక టెక్స్ట్ రూపం) ఫైలుగా. టైము యూటీసీలోనే (మన టైముకి ఐదున్నర గంటలు వెనక) ఉండాలి. కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) అనుమానంగా ఉంటే అక్కడే మళ్లీ అడగండి. తప్పు కాల్‌సైన్‌కి ఆ కాంటాక్టు పోవడమే కాక అదనంగా పాయింట్లూ కోస్తారు. ఒకే స్టేషన్ రెండుసార్లు పడితే మాత్రం చెరపక్కర్లేదు, దానికి జరిమానా లేదు.