పాత మారుతి 800 క్లచ్ జారుతుంటే

అన్నా, అలిపిరి దాటి ఘాట్ ఎక్కేటప్పుడు మీ పాత మారుతి 800లో ఇంజిన్ మోతే గానీ లాగుడు లేదన్నారు కదా. ముందు క్లచ్ కేబుల్ చూడండి. మరీ బిగుసుకుని, పెడల్‌కు పైన కొంచెం కూడా లూజు లేకపోతే సర్దించండి. ఒక్కోసారి అంతటితో సరి. ఆ తర్వాత చదునైన చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, నాలుగో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగకుండా తిరుగుతుంటే క్లచ్ ప్లేటు అరిగినట్టే.

ప్లేటొక్కటే మార్పించొద్దు. గేర్‌బాక్స్ దించే కూలీ రెండుసార్లు ఎందుకు దండగ? దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగ్ కలిపి సెట్టే వేయించండి. వాలియో లాంటి కంపెనీ సెట్టు స్పేర్ పార్ట్స్ షాపులో మీరే కొని, తెలిసిన మెకానిక్‌కిస్తే ఖర్చు తగ్గుతుంది. గేర్‌బాక్స్ దించినప్పుడు పక్కనే ఉండి, ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ సీలు తడిగా ఉందేమో చూడండి. అది కారితే కొత్త ప్లేటూ జారుతుంది.