తిల్ల కొమ్మలు ఎండబెట్టే అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది తాళ్ళరేవు. మా అమ్మాయి కాకినాడలో బీఎస్సీ బోటనీ రెండో ఏడు. తిల్ల లాంటి మడచెట్ల కొమ్మలు తెచ్చి, పాత పేపర్ల మధ్య పెట్టి బరువులేసి ఎండబెడుతోంది. ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే హెర్బేరియంలో పనిచేస్తానంటోంది. బీఈడీ చేయమంటే వినదు. ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, ముందు ఆ పేపర్ల కట్ట విప్పి, కొమ్మ పక్కన చీటీ ఉందేమో చూడండి. కొమ్మను ఎవరైనా ఎండబెడతారు. ఏ తేదీన, ఏ కాలవ గట్టున కోశారు, పోటు నీళ్ళు తగిలే చోటేనా, చెట్టు ఎంత ఎత్తు, పువ్వు ఏ రంగు, ఊళ్ళో ఏమంటారు, కోసినవాళ్ళ పేరు, వరుస నంబరు... ఇవి రాసి ఉంటేనే అది రికార్డు. ఎండాక పువ్వు రంగు మారిపోతుంది, వాసన పోతుంది. చెట్టు దగ్గర నిలబడి రాసిందే మిగులుతుంది. తిల్లనే చూడండి, మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. కొమ్మ ఏ చెట్టుదో రాయకపోతే పని సగంలో ఆగినట్టే. ఆ ఓపిక మీ అమ్మాయికి ఉంటే ఆపకండి.

తిల్లపాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అది మీ ఊళ్ళో చేపలవేటకు వెళ్ళేవాళ్ళకి తెలుసు, వాళ్ళనడిగి జాగ్రత్తలు చెప్పించండి. కోరింగ అభయారణ్యంలో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా కోయకూడదు. కాలేజీ ద్వారా అర్జీ పెట్టించండి. అందాకా మీ పెరటి మొక్కలు, చేలగట్ల కలుపు మొక్కలు చాలు.

ఈ చదువు మన గోదావరి జిల్లాలకు కొత్తేం కాదు. విలియం రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త 1793లో కలకత్తా బొటానికల్ తోటకు వెళ్ళేముందు ఏళ్ళ తరబడి సామర్లకోటలోనే ఉండి మొక్కలు సేకరించాడు. 1787 ఉప్పెనలో అంతకుముందు పోగుచేసినవి పోతే మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన ఎండబెట్టిన మొక్కలు ఇప్పటికీ లండన్‌లో ఉన్నాయి.

ఇక సంపాదన. దాచకుండా చెబుతాను, దారి పొడుగు. ఎమ్మెస్సీ రెండేళ్ళు, ఆపైన సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, దాంతో పీహెచ్‌డీ. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. హౌరాలోని వాళ్ళ పెద్ద హెర్బేరియంలో సుమారు 20 లక్షల నమూనాలున్నాయి. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అదొక్కటే నమ్ముకోవద్దు. డిగ్రీలో బోటనీ ఉంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష కూడా రాయొచ్చు. పర్యావరణ నివేదికలు తయారుచేసే సంస్థలకూ మొక్కను చూసి పేరు చెప్పగలిగేవాళ్ళు కావాలి. బీఈడీ ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేయొచ్చు.

ఈ వేసవి సెలవుల్లో ముప్పై మొక్కలకు పూర్తి చీటీలు రాయమనండి. కాలేజీలో మేడమ్‌కి చూపించి, తప్పులు దిద్దించుకోమనండి. గట్ల పేర్లు, కాలవల పేర్లు మాత్రం మీరే పక్కన కూర్చుని చెప్పాలి. అవి మీకు తెలిసినట్టు కాలేజీలో ఎవరికీ తెలియవు.