కోర్టు సమన్లు వచ్చాయని వడ్డీకి డబ్బు తేకండి

మలక్‌పేట నుంచి ఒక పాఠకురాలు రాశారు. ప్రైవేట్ స్కూల్లో టీచర్, చేతికొచ్చే జీతం 28 వేలు. పర్సనల్ లోన్ 3 లక్షలు తీసుకున్నారు, భర్తకు ఆపరేషన్ కావడంతో ఈఎంఐలు ఆగిపోయాయి, ఇప్పుడు సిటీ సివిల్ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. లాయర్ 25 వేలు అడుగుతున్నారట. నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి ఇవ్వనా, వాయిదాకు వెళ్లకుండా ఊరుకోనా అని అడుగుతున్నారు.

రెండూ వద్దమ్మా. నూటికి ఐదంటే ఏడాదికి 60 శాతం. ఒక అప్పు కట్టలేక కోర్టు దాకా వచ్చాక ఇంకో అప్పు, అదీ ఇంత వడ్డీకి, ఎలా ఆలోచించగలుగుతున్నారు?

ఇక వాయిదాకు వెళ్లకపోవడం. భయంతో చాలామంది చేసే తప్పు ఇదే, మీకు జవాబు రాస్తున్నది కూడా అందుకే. మీరు రాకపోతే లోన్ ఇచ్చిన కంపెనీ చూపించిన లెక్కను కాదనేవాళ్లుండరు, పెనాల్టీలతో సహా దానిమీదే ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు లేకుండానే ఇచ్చే తీర్పు) రావచ్చు. దాన్ని రద్దు చేయమని అడగడానికి మామూలుగా 30 రోజులే గడువు. ఆ తర్వాత జీతం అటాచ్‌మెంట్‌కు, అంటే జీతంలోంచే అప్పు కోయించుకోవడానికి వస్తారు. చట్టం ప్రకారం జీతంలో మొదటి వెయ్యి, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు, అయినా 28 వేలలో 9 వేల దాకా పోవచ్చు.

లాయర్‌కు డబ్బు అక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. సమన్లు, లోన్ అగ్రిమెంట్, కట్టిన ప్రతి ఈఎంఐ కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకెళ్లండి. ఆలస్యం చేయకండి, రాతపూర్వక జవాబుకు 30 రోజులే ఇస్తారు (కోర్టు అనుమతిస్తే 90 దాకా), సమన్లలో ఆర్డర్ 37 (త్వరగా తేల్చే కేసు) అని ఉంటే మాత్రం 10 రోజుల్లోనే హాజరు నమోదు చేయించాలి.

లోక్ అదాలత్‌లో రాజీకి అవకాశం ఉంటుంది, మంచిదే. కానీ అక్కడి అవార్డు, అంటే రాజీ మీద ఇచ్చే తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. గండం గడిస్తే చాలనుకుని నెలకు 12 వేలు కడతామని సంతకం పెట్టేస్తారు, రెండో నెలలో పిల్లాడికి జ్వరమొస్తుంది, వాయిదా తప్పుతుంది, మళ్లీ లోన్ యాప్ తెరుస్తారు. మీ ఇంట్లో ఆపరేషన్ నాటికి మూడు నెలల ఖర్చు విడిగా ఉండి ఉంటే ఈఎంఐలు ఆగేవా? ఎమర్జెన్సీ ఫండ్ అప్పులు తీరాక చూద్దామనుకుంటారు, అప్పు ఉన్నవాళ్లకే అది ముందు కావాలి. నెలకు 2 వేలైనా వేరే ఖాతాలో వేయడం ఇప్పుడే మొదలుపెట్టండి.

బంగారం ఉంటే అమ్మి ఒకేసారి సెటిల్ చేసుకోవచ్చు, కుదువ మాత్రం పెట్టకండి. సిబిల్‌లో (మీ అప్పుల రికార్డులో) సెటిల్డ్, అంటే పూర్తిగా కట్టకుండా రాజీ పడ్డారని పడుతుంది, పడనివ్వండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేస్తే ఆర్‌బీఐ నిబంధన ఉందని చెప్పండి.

రాజీకి కూర్చునే ముందు రోజు ఇంటి ఖర్చు, ఆ 2 వేలు తీసేసి ఎంత మిగులుతుందో కాగితం మీద రాసుకోండి. లాయర్‌కు ఆ అంకె ముందే చెప్పండి, అంతకు మించిన కిస్తీకి సంతకం పెట్టకండి.