షో క్వయర్ పోటీల్లో పగలు, ప్రతీకారాలు నిజంగా ఉంటాయా? మా అమ్మాయి స్కూల్లో జరిగింది చెబుతాను

మీ ప్రశ్న: "ఇండియానాలో ఉంటున్నాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరబోతోంది, షో క్వయర్‌లో చేరతానంటోంది. టీవీలో చూపించినట్టు స్కూళ్ల మధ్య పగలు, ప్రతీకారాలు నిజంగా ఉంటాయా? పంపించవచ్చా?"

ఉంటాయండీ. అయినా పంపించమనే చెబుతాను. మా అమ్మాయి నాలుగేళ్లు షో క్వయర్‌లో ఆల్టో, అంటే అమ్మాయిల గొంతుల్లో కింది స్వరం, పాడింది. అందులో మూడేళ్లు నేను కాస్ట్యూమ్ కమిటీలో పనిచేశాను. సూదీ దారం, పిన్నీసులు, స్టీమర్ పట్టుకుని స్టేజీ వెనకాల తిరిగే అమ్మల్లో నేనూ ఒకదాన్ని. 2009లో మొదలైన 'గ్లీ' సీరియల్లోలాగా కారు టైర్లు కోసెయ్యడం, గుడ్లు విసరడం నేనెప్పుడూ చూడలేదు. నేను చూసింది చిన్న విషయం. కానీ అది ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

షో క్వయర్ తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. మన కోలాటం గుర్తు తెచ్చుకోండి. పాడుతూనే ఆడతారు, ఒక్కరు అడుగు తప్పితే జట్టంతా తప్పినట్టు కనిపిస్తుంది. ఇక్కడ నలభై, యాభై మంది పిల్లలు మెట్లలా ఉండే రైజర్ల మీద నిలబడి, వెనకాల లైవ్ బ్యాండ్ వాయిస్తుంటే, ఇరవై నిమిషాలలోపు ఐదారు పాటలు పాడుతూ డాన్స్ చేస్తారు. మధ్యలో కాస్ట్యూమ్ కూడా మార్చుకుంటారు. కాలిఫోర్నియాలో 1962లో మిల్టన్ ఆండర్సన్ మొదలుపెట్టిన 'యంగ్ అమెరికన్స్' లాంటి బృందాలను చూసి స్కూళ్లు ఈ పద్ధతి అందుకున్నాయి. పోటీల విషయానికొస్తే మీరుంటున్న ఇండియానాకే పెద్ద చరిత్ర ఉంది. 1970లలోనే ఫోర్ట్ వేన్‌లోని బిషప్ లూయర్స్ హైస్కూల్లో ఈ పోటీలు మొదలయ్యాయి. అమ్మ పాడిన క్వయర్‌లోనే ఇప్పుడు కూతురు పాడుతున్న ఇళ్లు నాకు తెలుసు. అలాంటిచోట పక్క ఊరి స్కూలు చేతిలో ఓడిపోతే ఇంటిల్లిపాదికీ బాధే.

జనవరి నుంచి మార్చి దాకా దాదాపు ప్రతి శనివారం ఎక్కడో ఒకచోట పోటీ ఉంటుంది. పగలంతా ప్రిలిమ్స్, రాత్రికి ఐదారు జట్లతో ఫైనల్స్. ఫలితాలు వచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. తెల్లవారుజామున లేచి జుట్టు బిగించి, మేకప్ వేసుకుని బస్సెక్కిన పిల్లలు అప్పటికి తూలిపోతుంటారు. ఆ సమయంలో స్టేజీ మీద అందరూ చేతులు పట్టుకుని కూర్చుంటే మైకులో పేర్లు చదువుతారు. గెలిచినవాళ్లు అరుస్తారు, ఓడినవాళ్లు నవ్వుతూ చప్పట్లు కొట్టాలి. పదహారేళ్ల పిల్లలకి అది ఎంత కష్టమో అక్కడ కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

పగ అక్కడ పుట్టదని నా అభిప్రాయం. ఇంటికెళ్లే దారిలో కార్లలో పుడుతుంది.

మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా, మాకు పదిహేను మైళ్ల దూరంలో ఉన్న స్కూలు చేతిలో మా వాళ్లు ఫైనల్స్‌లో ఓడిపోయారు. ఐదుగురు జడ్జీల్లో నలుగురు మా జట్టునే పైన పెట్టారు, కానీ తలా ఒకటి రెండు పాయింట్ల తేడాతోనే. ఐదో జడ్జి ఒక్కరే వాళ్లకి పది పాయింట్లు ఎక్కువ వేశారు. మొత్తం కూడితే వాళ్లు గెలిచారు. ఇందులో మోసమేమీ లేదు. పాయింట్లు నేరుగా కూడే పోటీల్లో ఇలా జరుగుతుంది. ర్యాంకులను బట్టి లెక్కవేసే పోటీల్లో అయితే అదే రోజు మా వాళ్లు గెలిచేవాళ్లు. ఏ పద్ధతిలో లెక్కేస్తారో ముందే చెబుతారు, మేమెవరం పట్టించుకోలేదు. "ఆ జడ్జి వాళ్ల కొరియోగ్రాఫర్‌కి ఫ్రెండట" అని ఒక పేరెంట్ అన్నారు. షో క్వయర్ లోకం చిన్నది. ఒకే కొరియోగ్రాఫర్ నాలుగైదు స్కూళ్లకి పనిచేస్తారు, ఇంకోచోట జడ్జిగా కూర్చుంటారు. అందరికీ అందరూ తెలిసినవాళ్లే. కానీ ఆ రాత్రి వెనక సీట్లో నిద్ర నటిస్తున్న మా పిల్లలు ఆ మాట విన్నారు. ఆ మాట అన్న కార్లో నేనూ ఉన్నాను. "అలా అనకండి" అని నేను అనలేదు. మీ అమ్మాయిని చేరిస్తే దయచేసి ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. స్కోర్ షీట్లు అడిగి తీసుకోండి, అమ్మాయితో కూర్చుని చదవండి. తెలియని సంగతి కార్లో మాట్లాడకండి.

అదే వారం ఇంకొకటి జరిగింది. ఫైనల్స్‌లో మా సోలో పాడిన అబ్బాయికి పై స్వరం దగ్గర గొంతు చీలింది. రెండు సెకన్లే. దాన్ని ఎవరో ఫోన్లో తీసి, స్లో మోషన్ చేసి, పేరు లేని అకౌంట్‌లో పెట్టారు. మమ్మల్ని ఓడించిన స్కూలు పిల్లలే పెట్టారని అందరూ అనుకున్నారు, రుజువు మాత్రం లేదు. సోమవారం నుంచి ఆ అబ్బాయి స్కూల్ క్యాంటీన్‌కి రావడం మానేశాడు. లైబ్రరీలో కూర్చుని లంచ్ తినేవాడని మా అమ్మాయి చెప్పింది.

మరుసటి ఏడు జనవరిలో మా స్కూలే పోటీ పెట్టింది. పోటీ పెట్టిన స్కూలు తాను పోటీ చెయ్యదు, చివర్లో ఊరికే ఒక ప్రదర్శన ఇస్తుంది. టికెట్ల మీద వచ్చిన డబ్బుతో ఏడాది ఖర్చులు గడుస్తాయి. వచ్చిన ప్రతి జట్టుకీ ఒక క్లాస్‌రూమ్ ఇస్తారు, దాన్ని హోమ్‌రూమ్ అంటారు. బ్యాగులు, బట్టలు అన్నీ అక్కడే. దారి చూపించడానికి మా పిల్లలే తోడుంటారు. అంటే నమ్మి సామాను వదిలి వెళ్లేది మన చేతుల్లోనే.

మధ్యాహ్నం, పోయినేడు మమ్మల్ని ఓడించిన ఆ స్కూలు జట్టు తాలూకు ఒకావిడ పరుగెత్తుకుంటూ మా కాస్ట్యూమ్ రూముకి వచ్చింది. ఐదుగురు అమ్మాయిల ఎడమ కాలి షూస్ కనబడడం లేదట. కుడివి ఉన్నాయి, ఎడమవి లేవు. వార్మప్‌కి పది నిమిషాలుంది. వాళ్లు వేసుకునేవి గోధుమ రంగు హీల్స్, చీలమండ చుట్టూ పట్టీ ఉంటుంది. మా దగ్గరా అవే, పాతవి ఒక డబ్బా నిండా ఉన్నాయి. నేనే వెతికి ఐదు జతలు ఇచ్చాను. ఒక అమ్మాయికి ఆరో సైజు కావాలి, ఏడే దొరికింది. ముందు టిష్యూ పేపర్ కుక్కి, నేలమీద కూర్చుని నా చేత్తోనే పట్టీ బిగించాను. "థాంక్యూ" అని ఆ పాప నా భుజం మీద చెయ్యి వేసి లేచింది.

రెండో పాటలో మూడో మెట్టు మీంచి దిగేటప్పుడు ఆ పాప పడింది. నేను పక్కన తెర వెనకాల ఉన్నాను. ఎడమ పాదం షూలోంచి జారి చీలమండ పక్కకి మడత పడింది. లేచి నిలబడింది. వాళ్లకి చిన్నప్పటినుంచీ నేర్పేది అదే, ఏం జరిగినా ముఖం మారకూడదు. పాట అయిపోయేదాకా కుడికాలి మీద నిలబడి, పళ్లు కనిపించేలా నవ్వుతూ, చేతులు అందరితోపాటు కదిలిస్తూ పాడింది. కళ్లలోంచి నీళ్లు కారి మేకప్ మీద రెండు చారలు పడ్డాయి. నవ్వు మాత్రం అలాగే ఉంది.

రాత్రి అందరూ వెళ్లాక గది సర్దుతుంటే మా ప్రాప్స్ డబ్బాలో, విసనకర్రల కింద, ఐదు ఎడమ షూస్ దొరికాయి. ఒక్కోదాని లోపల తెల్ల టేపు అంటించి మార్కర్‌తో పేరు రాసి ఉంది. ఆరో సైజుది చేతిలోకి తీసుకుని చూశాను. లోపలి మెత్త బొటనవేలి దగ్గర అరిగిపోయి ఉంది. ఎన్ని నెలలు ప్రాక్టీస్ చేసిందో!

ఇంటికొచ్చేసరికి ఒంటిగంటన్నర. మా అమ్మాయికి పెరుగన్నం కలిపి పెట్టాను. రెండు ముద్దలు తిని ఆపేసింది. "అమ్మా, అవి ఎవరు తీశారో నాకు తెలుసు" అంది. గొంతు చీలిన అబ్బాయి కాదు, వాడికసలు ఈ సంగతే తెలియదు. వాడి ఫ్రెండ్స్ ఇద్దరు. వాళ్లు షూస్ పట్టుకెళ్తుంటే కారిడార్లో చూసిందట. "నువ్వేమన్నావు?" అని అడిగాను. "నవ్వానమ్మా. వాళ్లతోపాటు నేనూ నవ్వాను" అని ఏడ్చేసింది. నేను తిట్టలేదు. సోమవారం నువ్వే వెళ్లి చెప్పాలి, నేను వచ్చి గుమ్మం బయట నిలబడతాను అన్నాను. అలాగే చేశాం.

ఆ ఇద్దరినీ ఆ సీజన్‌కి తీసేశారు. మా డైరెక్టర్ తర్వాతి పోటీ నుంచి జట్టు మొత్తాన్ని విరమింపజేశారు. షూస్ తనే స్వయంగా తీసుకెళ్లి, పిల్లలందరూ సంతకం పెట్టిన ఉత్తరంతో సహా ఇచ్చి వచ్చారు. ఎంట్రీ ఫీజు, బస్సు డబ్బులు పోయాయని కొందరు పేరెంట్స్ గొడవ చేశారు. ఇద్దరు చేస్తే యాభై మందికి శిక్షా అన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమైంది కానీ డైరెక్టర్ చేసిందే సరైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. కారిడార్లో నవ్వినవాళ్లు మా అమ్మాయి ఒక్కతే కాదు. మా అమ్మాయితో నెల రోజులు కొందరు మాట్లాడలేదు. చాడీలు చెప్పేదని పేరు పెట్టారు. క్వయర్ మానేస్తానంది. నేను బలవంతం చెయ్యలేదు, ప్రాక్టీస్ ఉన్న రోజు టైముకి కారు మాత్రం బయటికి తీసేదాన్ని. వచ్చి కూర్చునేది.

మూడు వారాలకి, మా జట్టు తప్పుకున్న ఆ పోటీకే, మా అమ్మాయి వెళ్దామంది. ఇద్దరం టికెట్లు కొనుక్కుని పైన బాల్కనీలో కూర్చున్నాం. ఆ స్కూలు జట్టు వచ్చింది. ఆ పాప రెండో వరసలో ఉంది, చీలమండకి కట్టు ఉంది. హీల్స్ వేసుకునే వీల్లేదు, నల్లటి ఫ్లాట్ షూస్ వేసుకుంది. ఇలాంటప్పుడు ఒక్కరి షూస్ వేరుగా ఉంటే వరస చెడుతుందని సాధారణంగా ఆ పిల్లని పక్కన కూర్చోబెడతారు.

"అమ్మా, అందరూ ఫ్లాట్సే" అంది మా అమ్మాయి, నా చెయ్యి పట్టుకుని.

అప్పుడు చూశాను. ఆ జట్టు అమ్మాయిలందరూ ఫ్లాట్స్‌లోనే ఉన్నారు. మొదటి పాటకి వాళ్లవి నేలకి తగిలేంత పొడుగు గౌన్లు, హీల్స్‌కి సరిపోయేలా కుట్టినవి. హీల్స్ లేకపోతే కాళ్లకి అడ్డం పడాలి. ఒక్కటీ పడలేదు. ప్రతి గౌను అంచూ రెండు అంగుళాలు పైకి మడిచి, కొత్తగా చేత్తో కుట్టి ఉంది.