మంచు ఊళ్లో హైబ్రిడ్ కారుకు టైర్లూ డిస్కులూ

విజయవాడ, పటమట

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వూ అల్లుడూ కెనడాలోని మాంట్రియల్‌లో 2014 నాటి టయోటా ప్రియస్, అంటే పెట్రోలు ఇంజనూ ఎలక్ట్రిక్ మోటారూ రెండూ ఉన్న హైబ్రిడ్ కారు, కొన్నారని, దానికి చలికాలపు టైర్లు ఎలాంటివి వేయించాలో తేల్చుకోలేకపోతున్నారని నువ్వు రాసిన సంగతి చూశాను. ఆటోనగర్‌లో 34 ఏళ్లు టైర్ల కొట్టు నడిపినవాణ్ని కాబట్టి నన్ను అడగడం సహజమే. కానీ ముందే ఒక మాట ఒప్పుకుంటాను. ఇక్కడ నేర్చిన విద్యలో సగం అక్కడ పనికిరాదు. మన ఊళ్లో టైరుకు శత్రువు వేడి. మే నెలలో 45 డిగ్రీల ఎండలో, లోడు లారీ కింద, గాలి తక్కువైన టైరు ఎలా పేలుతుందో నాకు బాగా తెలుసు. చలికి రబ్బరు ఏమవుతుందో మాత్రం అక్కడ మీ బావ దగ్గర నాలుగు చలికాలాలు గడిపిన తర్వాతే తెలిసింది. వాడి కారు కూడా ఆ నమూనా ప్రియసే.

మొదటి ఏడాది నవంబరులో, కారుతో వచ్చిన టైర్ల మీద 'ఎం ప్లస్ ఎస్' అక్షరాలు చూసి, బురదకూ మంచుకూ పనికొస్తాయని కంపెనీయే రాసి ఇచ్చినప్పుడు వేరే టైర్లు దండగ అని నేనే వాడికి చెప్పాను. ఆ వారంలోనే, నడిచే మనిషి కంటే కొంచెం వేగంగా పోతున్న కారు, బ్రేకు తొక్కి పట్టుకున్నా ఆగకుండా, స్టాప్ బోర్డు దాటి సగం కారు పొడవు ముందుకు జారిపోయింది. ఎదురుగా ఎవరూ రాకపోవడం మా అదృష్టం. ఆ అక్షరాలు గ్రిప్పు గాడుల ఆకారాన్ని బట్టి వేసేవే తప్ప, మంచు మీద పరీక్షించి వేసేవి కావని తర్వాత తెలుసుకున్నాను.

డిసెంబరు తెల్లవారుజామున మన ఇంట్లో కొబ్బరి నూనె సీసా గడ్డకట్టడం నువ్వు చిన్నప్పటి నుంచీ చూసినదే. మామూలు టైరు రబ్బరు అంత స్పష్టంగా కంటికి కనిపించదు గానీ, సుమారు 7 డిగ్రీల కంటే కిందికి దిగిన కొద్దీ అదీ అలాగే బిగుసుకుపోయి రోడ్డును పట్టుకోవడం మానేస్తుంది. చలికాలపు టైరుకు వాడే రబ్బరు మిశ్రమం మైనస్ 20లో కూడా మెత్తగానే ఉంటుంది. దాని గ్రిప్పు దిమ్మెల మీద బ్లేడుతో కోసినట్టుండే సన్నటి చీలికలు వందల కొద్దీ ఉంటాయి. బండి కదిలేటప్పుడు అవి విచ్చుకుని, వాటి అంచులు మంచును కరిచి పట్టుకుంటాయి. కాబట్టి కొనేటప్పుడు నువ్వు వెతకవలసింది అక్షరాలను కాదు, టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు రవ్వ ఉన్న గుర్తును. మంచు మీద పట్టు పరీక్ష దాటితేనే ఆ గుర్తు వేస్తారు. మీరుండే క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి. 2008లో ఆ చట్టం వచ్చినప్పుడు గడువు డిసెంబరు 15 ఉండేది, 2019 నుంచి రెండు వారాలు ముందుకు జరిపారు. 'ఆల్ వెదర్' అని అమ్మే టైర్లలో కూడా కొన్నిటికి ఈ గుర్తు ఉంటుంది, వాటితో చట్టం సరిపోతుంది. అయినా ఏడాదంతా వాడే టైరు రెండు పడవల మీద కాళ్లు పెట్టినదే కనుక, ఆ ఊరి జనవరికి నేను దాన్ని సిఫారసు చేయను.

ఇక హైబ్రిడ్ సంగతి. ఈ కార్లు కొనేవాళ్లందరినీ పట్టి ఊపేది మైలేజీ. కంపెనీ కూడా ఆ మైలేజీ కోసమే, తేలికగా దొర్లే టైర్లను వేసి ఇస్తుంది. అందువల్ల చాలామంది చలికాలానికి కూడా 'తక్కువ పెట్రోలు తాగే టైరు ఏది' అని వెతుకుతారు. నీ ఉత్తరంలో కూడా ఆ ప్రశ్నే ముందుంది. చలికాలంలో మీ కారు మైలేజీ ఎలాగూ పడిపోతుంది. లోపల వేడి కావాలంటే ఇంజను నడవాలి కాబట్టి అది వేసవిలోలాగా మాటిమాటికీ ఆగదు. చలికి బ్యాటరీ కూడా మందగిస్తుంది. ఇంత నష్టంలో టైరు వాటా చిన్నది. ఆ చిన్న వాటా మిగుల్చుకోవడానికి పట్టు తగ్గిన టైరు కొనడం, తాళం కప్ప దగ్గర డబ్బు మిగుల్చుకుని ఇల్లు వదిలేసినట్టుంటుంది.

నిజానికి హైబ్రిడ్‌కు మంచి పట్టు మరింత అవసరం. ఎలక్ట్రిక్ మోటారు కదిలిన క్షణంలోనే పూర్తి బలం చూపిస్తుంది. మంచు మీద ఆ బలానికి ముందు చక్రం చటుక్కున జారుతుంది. జారిన వెంటనే కారులోని కంప్యూటరు మోటారుకు శక్తి కోసేస్తుంది. అప్పుడు నువ్వు యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వాలు మీద కారు కదలకుండా నిలబడిపోతుంది. లోపం కారుదని అందరూ దాన్ని తిడతారు గానీ, నా లెక్కలో తప్పు నూటికి తొంభై పాళ్లు టైరుదే. బ్రేకులోనూ ఇలాంటి చిక్కే ఉంది. మెల్లగా బ్రేకు తొక్కినప్పుడు ముందు చక్రాలను జనరేటరులా వాడుకుని కారు బ్యాటరీకి చార్జి చేసుకుంటుంది. ఆ సమయంలో చక్రం జారితే ఆ పని ఆపేసి మామూలు బ్రేకులకు మారుతుంది. ఆ మారే రెప్పపాటులో కారు చేయి వదిలేసినట్టు, ముందుకు ఉరికినట్టు అనిపిస్తుంది. మంచి టైరు వేస్తే అలా జారడమే తగ్గుతుంది కనుక ఆ కంగారు కూడా తగ్గుతుంది. నాలుగూ ఒకేసారి మార్చు. ముందు చక్రాలే లాగుతాయి కదా, రెండు చాలులే అని అల్లుడు అనవచ్చు. ముందు రెండూ పట్టుకుని వెనక రెండూ జారితే కారు మలుపులో బొంగరంలా తిరుగుతుంది.

సైజు విషయంలో నా మాట సూటిగా చెబుతాను. మీ కారు డ్రైవరు తలుపు దగ్గర అంటించిన స్టిక్కరు చదువు. ఆ నమూనా ప్రియస్‌కు 15 అంగుళాల డిస్కు (టైరు ఎక్కించే లోహపు చక్రం) మీద 195/65, లేదా 17 అంగుళాల మీద 215/45 సైజు వస్తుంది. ఇందులో మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండవది గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. మీది 17 అయినా, చలికాలానికి 15కే దిగమని నా సలహా. రెండింటి మొత్తం ఎత్తు లెక్కిస్తే మొదటిది 634, రెండవది 625 మిల్లీమీటర్లు. తేడా ఒక సెంటీమీటరైనా లేదు కాబట్టి స్పీడు మీటరు పెద్దగా తప్పదు. వెడల్పు టైరుకు పట్టు ఎక్కువని మనవాళ్ల నమ్మకం. అది పొడి రోడ్డు మాట. మన పొలం దారిలో ఒండ్రు పట్టిన చోట ఎడ్ల బండి సన్నటి ఇనుప కమ్మీ బురదను కోసుకుని కింద గట్టి నేలను ఎలా అందుకుంటుందో, సన్నటి టైరు కూడా మెత్తటి మంచును చీల్చుకుని రోడ్డును అందుకుంటుంది. వెడల్పుది పైన తేలుతుంది. పైగా సన్న టైరు గోడ ఎత్తు ఎక్కువ కనుక, మంచు కింద దాగిన గుంతల దెబ్బ డిస్కు దాకా తగలదు. 15 అంగుళాలదే ధర కూడా తక్కువ. బరువు సూచిక 91 అని ఉన్నది తీసుకో, అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. వేగం గుర్తు టి గానీ ఆర్ గానీ ఉంటుంది, రెండూ మీకు చాలు.

ఇప్పుడు డిస్కులు. ఉన్న డిస్కుల మీదే ఏడాదికి రెండు సార్లు టైర్లు విప్పి ఎక్కించే పద్ధతి నాకు నచ్చదు. అది కొట్టువాడికి లాభం తప్ప టైరుకు మేలు కాదు. ప్రతిసారీ డిస్కును పట్టుకునే టైరు అంచు చిరిగే ప్రమాదం, కూలి, బ్యాలెన్సింగ్ ఖర్చు ఉంటాయి. అందువల్ల విడిగా నాలుగు స్టీల్ డిస్కులు కొని, టైర్లు వాటి మీదే శాశ్వతంగా ఉంచు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకు అవి తుప్పు పడతాయి, నిజమే. కానీ గుంతలో పడినప్పుడు స్టీలు వంగుతుంది, అల్లాయ్ పగిలే అవకాశం ఎక్కువ. మీ అందమైన అల్లాయ్ డిస్కులను ఉప్పుకు బలి ఇవ్వకుండా వేసవికి దాచుకో.

కొలతల్లో మూడు సంగతులు సరిపోవాలి. అయిదు నట్లు 100 మిల్లీమీటర్ల వృత్తంలో ఉండాలి, చాలా కార్లకు ఉండే 114.3 దీనికి ఎక్కదు. మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు ఉండాలి. మూడవది ఆఫ్‌సెట్, అంటే డిస్కు నడిమి గీత నుంచి నట్లు బిగించే ముఖం ఎంత దూరమో చెప్పే కొలత, కంపెనీ డిస్కుది 45 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మధ్య రంధ్రం దగ్గర నేను మోసపోయాను. ఎవరో వాడిన డిస్కులు చవకగా ఇస్తామంటే, నట్ల లెక్క కుదిరింది కదా అని కొన్నాం. రంధ్రం కొంచెం పెద్దది. 90 కిలోమీటర్ల వేగం దాటగానే స్టీరింగు వణికేది. మూడు సార్లు బ్యాలెన్సింగ్ చేయించాక గానీ నాకు బుద్ధి తట్టలేదు, ఆ ఖాళీకి ప్లాస్టిక్ రింగులు వేస్తే వణుకు పోయింది. ముప్పై నాలుగేళ్ల అనుభవజ్ఞుడు చేసిన తప్పు ఇది, మీ అత్తయ్యకు ఇప్పటికీ చెప్పలేదు.

నట్లు కూడా చూసుకో. స్టీల్ డిస్కుకు శంకువు ఆకారం మొన ఉన్న నట్లు కావాలి. కొన్ని అల్లాయ్‌ల నట్లకు చదునైన వాషరు ఉంటుంది, అవి స్టీల్ డిస్కులో కుదురుకోవు. బిగించడానికి టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పాన, వాడమని అడుగు. ఆ కారుకు 103 న్యూటన్ మీటర్లు, అంటే 76 ఫుట్ పౌండ్లు. నక్షత్రం ఆకారంలో ఎదురెదురు నట్లు బిగించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి సరిచూడాలి.

కంపెనీల మాటకొస్తే నోకియన్ హక్కపెలిట్టా, బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, మిషెలిన్ ఎక్స్ ఐస్ వంటి పేరున్న రకాల్లో ఏదైనా నాకు సమ్మతమే. వాటిలో వాటికి గొప్ప తేడా చూపించి నీ రాత్రుల నిద్ర పాడుచేయలేను. ధర కంటే ముందు టైరు పక్కన ఉన్న తయారీ కోడులో చివరి నాలుగు అంకెలు చూడు. 3823 అంటే 2023లో 38వ వారంలో తయారైనదని అర్థం. పాత సరుకును రాయితీ పేరుతో అంటగట్టే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉంది. వాడిన టైర్లు కొంటే గ్రిప్పు లోతు కొలిపించు. చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది గానీ, మంచుకు 5 కంటే తక్కువైతే నేను తాకను. ఇనుప మేకుల టైర్లు క్యూబెక్‌లో అక్టోబరు 15 నుంచి మే 1 దాకా చెల్లుతాయి. ఊళ్లో తిరిగే మీకు ఆ చప్పుడు అనవసరం.

గాలి సంగతి మాత్రం మరవకు. చలి అయిదారు డిగ్రీలు పెరిగినప్పుడల్లా సుమారు ఒక పౌండు గాలి తగ్గుతుంది. 20 డిగ్రీల షెడ్డులో 35 కొట్టించి బయట మైనస్ 20లోకి వస్తే 28 దగ్గరకు దిగిపోతుంది. ఆ 15 అంగుళాల టైర్లతో మీ కారుకు ముందు 35, వెనక 33. రాత్రంతా బయట నిలిచిన కారుకు పొద్దున్నే, బండి తీయక ముందే, నెలకు రెండు సార్లు చూడాలి. ప్రెషర్ సెన్సర్లు కొత్త డిస్కుల్లో లేకపోతే కారులో హెచ్చరిక దీపం వెలుగుతూనే ఉంటుంది. మీ కారుకు అవి ఉన్నాయో లేదో డిస్కులు కొనక ముందే తెలుసుకో.

నవంబరు రాగానే అక్కడి టైర్ల కొట్ల ముందు, మన ఊళ్లో దసరాకు కొండ దిగువ క్యూ ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అక్టోబరు మొదట్లోనే వంతు తీసుకోండి. ఏప్రిల్‌లో చలి తగ్గాక విప్పేయండి, వేసవిలో ఆ మెత్తటి రబ్బరు ఇట్టే కరిగిపోతుంది. విప్పేటప్పుడు ఏ చక్రం ఏ పక్కదో సుద్దతో రాసి, ఉప్పు కడిగి, ఎండ తగలని చోట ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టండి.

తలుపు దగ్గరి స్టిక్కరు, ఇప్పుడున్న ఒక చక్రం, దాని నట్లు కనిపించేలా మూడు ఫొటోలు తీసి పంపు. డబ్బు కట్టే ముందు దుకాణం వాళ్లు ఇచ్చే కొటేషను కూడా నాకు చూపించు.

ఆశీస్సులతో,
మీ మామయ్య